డచ్ సమాసపదాలు: ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి?

నీరజ (ఐండ్‌హోవెన్)

అందరికీ నమస్కారం. డచ్ భాష బి1 (మధ్యస్థాయి) పరీక్షకు చదువుతున్నాను. వినడం, చదవడం పర్వాలేదు. మాట్లాడే భాగం దగ్గరే గాడి తప్పుతోంది. మా పుస్తకంలో సమాసపదాల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: రెండు నామవాచకాలు కలిస్తే నొక్కు మొదటిదాని మీద పడుతుంది. అంతే, పేజీ తిప్పితే కూరగాయల పేర్లు.

నొక్కు పడే సిలబుల్‌ని చదరపు బ్రాకెట్లలో పెడుతున్నాను. గొంతులోంచి వచ్చే గరగర శబ్దానికి 'ఖ' వాడుతున్నాను, సర్దుకోండి.

[ఫుట్]బాల్, [ఫీట్స్]పాట్ (సైకిళ్ళ దారి), [స్లాప్]కామెర్ (పడకగది). ఇక్కడిదాకా సూత్రం బాగానే నడిచింది. కానీ మునిసిపాలిటీ ఆఫీసుని [ఖె]మేంటెహౌయ్స్ అంటే ఎవరికీ అర్థం కావడం లేదు. పోలీస్ స్టేషన్‌దీ అదే కథ. మేయర్‌ని అందరూ బుర్ఖె[మేస్]టెర్ అంటున్నారు, అది మొదటి భాగం కాదు కదా?

ఇంకొకటి. ఇంటికొచ్చే ఉత్తరాల్లో ఒక్కో మాట గూడ్సుబండంత ఉంటోంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య లంకె ఎక్కడుందో కనిపించట్లేదు. మీరంతా ఎలా పట్టుకుంటున్నారు?

కాలువగట్టు (లైడెన్)

నీరజ గారూ, పుస్తకం చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పింది. 'మొదటి భాగం' అన్నారు, 'మొదటి సిలబుల్' అనలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే మనవాళ్ళు చాలామంది ఇక్కడ బోల్తా పడతారు.

మొదటి మాటని ఒంటరిగా పలికి చూడండి. దాని నొక్కు ఎక్కడుందో సమాసంలోనూ అక్కడే ఉంటుంది. ఖె[మేన్]టె అనే మాటలో నొక్కు రెండో సిలబుల్ మీద. కాబట్టి ఖె[మేన్]టెహౌయ్స్. పో[లీ]ట్సి, కాబట్టి పో[లీ]ట్సిబ్యూరో. నీలం కవర్లు పంపే పన్నులవాళ్ళు బె[లాస్]టింగ్‌డీన్‌స్ట్. లైబ్రరీ బిబ్లియో[టేక్], లైబ్రరీ కార్డు బిబ్లియో[టేక్]పాస్. రెండో భాగం తన నొక్కుని పూర్తిగా పోగొట్టుకోదు, కాస్త తగ్గించుకుని వెనక నిలబడుతుంది. వెర్[జే]కెరింగ్ (బీమా) ఒంటరిగా ఉంటే 'జే' మీద గట్టిగా నొక్కుతాం. ముందు 'జొర్ఖ్' (ఆరోగ్య సంరక్షణ) వచ్చి [జొర్ఖ్]వెర్జేకెరింగ్ అయ్యేసరికి ఆ 'జే' రెండో మెట్టుకు దిగిపోతుంది.

దీనికి నాకు బాగా నచ్చే సాక్ష్యం దేశపండగే ఇచ్చింది. 2013 ఏప్రిల్ 30న బేయాట్రిక్స్ రాణి గద్దె దిగే దాకా ఆ పండగ కోనింగ్[ఇన్]నెడాఖ్. రాణి అనే మాట కోనింగ్[ఇన్], నొక్కు చివర. కొడుకు రాజయ్యాక 2014 నుంచి అది [కో]నింగ్స్‌డాఖ్. రాజు అనే మాటలో నొక్కు మొదట. సింహాసనం మీద మనిషి మారితే పండగ పేరులో నొక్కు కూడా చోటు మారింది.

బుర్ఖె[మేస్]టెర్, స్టాట్[హౌయ్స్] (నగర భవనం) నిజంగానే ఎదురు తిరిగినవి. ఎర్ర క్యాబేజీ రోడె[కోల్] కూడా. వీటిని కంఠస్థం చెయ్యడమే, వేరే మార్గం లేదు.

సైకిల్ సాయి (డెన్ హాఖ్)

నీరజక్కా, గిన్ని సూత్రాలు నెత్తిల పెట్టుకుంటే నువ్వు నోరు తెరిసేలోపే ఎదుటోడు ఇంగ్లీషులకు దిగుతడు. ఈ దేశంల అదే పెద్ద బాధ. మనం నేర్సుకునే ఛాన్సే ఇయ్యరు.

నేను చేసిందొక్కటే. పొద్దుమీకి పిల్లల వార్తలు, [యోఖ్ట్]జుర్నాల్, పెట్టుకొని వాళ్ళెంట వాళ్ళెంట అనుకుంట కూసున్న. 1981 నుంచి నడుస్తున్న ప్రోగ్రామది, పిల్లల కోసం జెప్పేది గనక మాటలు సాఫ్‌గ పలుకుతరు. సబ్‌టైటిల్ పెట్టుకుంటే పెద్ద మాట కండ్లకూ కనవడుతది, చెవులకూ ఇనవడుతది. సూత్రం తర్వాత దానంతటదే వస్తది.

కాలువగట్టు (లైడెన్)

సాయీ, వినమనడం మంచి సలహానే. కానీ ఏం వినాలో తెలియకుండా వింటే నొక్కు చెవిన పడదు. మన భాషలో నొక్కు మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోవడమే మానేసింది. కౌంటర్లో 'వోర్నామ్' అడుగుతారు చూడు. [వోర్]నామ్ అంటే ఇంటిపేరు కాకుండా మన సొంత పేరు. వోర్[నామ్] అంటే గొప్పింటి, పరువు గల అని. తెలుగు చెవికి రెండూ ఒకటే.

ధ్వని (నైమేఖెన్)

సంతోషం, ఇది నా పని దగ్గరి విషయం. నొక్కు సంగతి కాలువగట్టు గారు చెప్పేశారు కాబట్టి, నేను విరుపు దగ్గర ఆగుతాను. నా లెక్కలో మనవాళ్ళకు అసలు గండం అక్కడే ఉంది.

రాత్రి భోజనానికి డచ్ మాట 'ఆవొన్డ్' (సాయంత్రం) + 'ఏటెన్' (తిండి). మన నోరు ఏం చేస్తుంది? హల్లు తరవాత అచ్చు కనిపించగానే రెండిటినీ కలిపేసి 'ఆవొన్డేటెన్' అంటుంది. డచ్ వాళ్ళు అలా అనరు. [ఆ]వొంట్-ఏటెన్ అంటారు. 'డ్' కాస్తా 'ట్' అయింది, గమనించారా? డచ్‌లో మాట చివర డ్, బ్ లాంటి నాదం గల హల్లులు నిలవవు, ట్, ప్ అయిపోతాయి. అదే బహువచనం 'ఆవొన్-డెన్'లో 'డ' హాయిగా 'డ'గానే ఉంది, ఎందుకంటే అక్కడ 'ఎన్' వేరే మాట కాదు, ప్రత్యయం. 'డ్' దానితో కలిసి కొత్త సిలబుల్ మొదలుపెట్టింది. సమాసంలో మాత్రం 'ఏటెన్' సొంత కాళ్ళ మీద నిలబడ్డ మాట. దాని సిలబుల్ లెక్క దానిది, పక్కమాట హల్లుని అది ఇంట్లోకి రానివ్వదు.

మనం బడిలో చదువుకున్న జగత్ + ఈశుడు = జగదీశుడు గుర్తుంది కదా. అక్కడ అచ్చు ముందు 'త' వెళ్ళి 'ద' అయింది. డచ్‌లో సరిగ్గా దీనికి ఎదురు: అచ్చు ముందు 'డ' వెళ్ళి 'ట' అయింది. మన సంధి అలవాటు ఇక్కడ అడ్డం తిరుగుతుందని నేననేది ఇందుకే.

అలాగని అంతా ఎదురే కాదు. వాక్ + దానం = వాగ్దానం. డచ్‌లో చేతిరుమాలు 'జాక్' (జేబు) + 'డుక్' (గుడ్డ). పలికేది [జాగ్]డుక్. అచ్చుగుద్దినట్టు అదే సంధి. చెత్తకి 'ఆఫ్' + 'వాల్' మాత్రం ఇంకో దారి, [ఆఫ్]ఫాల్ అవుతుంది. తపాలా బిళ్ళ 'పొస్ట్' + 'జేఖెల్' మామూలు మాటల్లో [పొస్]సేఖెల్. అందులో 'ట' ఏమైందో ఎవరూ అడగరు.

కాబట్టి నా వరస ఇది: ముందు అతుకు ఎక్కడుందో చూడాలి, తరవాత ఆ ముక్కలోపల సిలబుల్స్ విడదీయాలి, ఆ తరవాతే నొక్కు. పుస్తకాలు ఈ వరసని తిరగేసి చెబుతాయి.

కోనసీమ కుర్రోడు (రొటర్‌డామ్)

ధ్వని గారూ, జగదీశుడు దెబ్బకి మా తెలుగు మాస్టారు కళ్ళ ముందు కనిపించారండీ. ఆయన బెత్తం కూడా.

అతుకు తప్పితే ఎలా ఉంటుందో ఆఫీసులో నాకు నేర్పిన మాటలు ఇవి, డచ్చివాళ్ళకే వీటిమీద సరదా:

డైక్‌రాంప్: డైక్-రాంప్ అంటే గట్టు తెగి వచ్చే విపత్తు. డై-క్రాంప్ అంటే తొడ కండ పట్టేయడం.

వాల్‌కౌయ్ల్: వాల్-కౌయ్ల్ అంటే పడేసే గొయ్యి. వాల్క్-ఔయ్ల్ అంటే డేగ-గుడ్లగూబ.

క్వార్ట్స్‌లాఖెన్: క్వార్ట్-స్లాఖెన్ అంటే పావు చుట్లు తిప్పడం. క్వార్ట్స్-లాఖెన్ అంటే స్ఫటికశిల పొరలు.

అన్నిట్లోకీ రారాజు కెర్స్టొమాట్యె. కెర్స్-టొమాట్యె అంటే చిన్న చెర్రీ టమాటా. కెర్స్ట్-ఓమాట్యె అంటే క్రిస్మస్ బామ్మగారు. డచ్ రాతలో అక్షరాలు ఒక్కటి కూడా తేడా ఉండవు. సూపర్‌మార్కెట్లో డబ్బా మీద చూసినప్పుడల్లా నాకు బామ్మగారే కనిపిస్తారు.

అన్నట్టు భీమిలిలో డచ్చివాళ్ళ శ్మశానం ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, పెట్టమంటారా?

నిర్వాహకులు

భీమిలి ఫోటోలు వేరే చర్చగా పెట్టండి, అందరం చూస్తాం. ఇక్కడ మాటల సంగతే నడవనివ్వండి.

ధ్వని (నైమేఖెన్)

బామ్మగారి ఉదాహరణ అస్సలు వదలకూడదు. రెండిట్లోనూ పెద్ద నొక్కు [కెర్స్] మీదే, మరి చెవికి తేడా ఎలా తెలుస్తుంది? రెండో నొక్కు వల్ల. టమాటాలో అది 'మాట్' మీద, అక్కడ 'టొ' పొట్టిగా జారిపోతుంది. బామ్మలో అది 'ఓ' మీద, కాబట్టి ఆ 'ఓ' నిండుగా వినిపించాలి. పెద్ద నొక్కు ఒక్కటే నేర్చుకుని ఊరుకుంటే చాలదనేది ఇక్కడే తెలుస్తుంది.

ఇంకోటి చూడండి, బొమ్మెల్డింగ్. బొమ్-మెల్డింగ్ అంటే బాంబు పెట్టారని వచ్చే కబురు. మధ్యలో రెండు 'మ్'లు రాస్తారు గానీ పలికేది ఒక్కటే, కాబట్టి ఆగి చూపించడానికి అక్కడ ఏమీ లేదు. అతుకు తెలిసేది 'మెల్'లోని అచ్చు వల్ల. రెండో నొక్కు దానిమీద ఉంది గనక అది స్పష్టమైన 'ఎ'. అదే ఆ అచ్చుని చప్పగా, 'అ'కీ 'ఎ'కీ మధ్య మింగేసినట్టు పలికితే వినేవాడికి బొమ్మెల్-డింగ్, అంటే 'బొమ్మెల్' అనే ఏదో వస్తువు ('డింగ్' అంటే వస్తువు) అనిపిస్తుంది. ఆ చప్పటి అచ్చుని బడిపిల్లలు 'స్టొమ్మె ఏ', అంటే మూగ ఏ, అంటారు. దానిమీద నొక్కు ఎప్పుడూ పడదు. ఖె, బె, వెర్ అనే ఉపసర్గలన్నీ ఈ బాపతే.

మనం అచ్చులన్నిటినీ సమానంగా, ముత్యాల్లా పలుకుతాం. తెలుగులో అది అందం. డచ్‌లో అన్ని అచ్చులూ నిండుగా పలికితే వినేవాడికి అతుకు మాయమైపోతుంది.

బుజ్జిగాడి అమ్మ (ఆమ్‌స్టెల్‌వేన్)

అయ్యబాబోయ్, మా ఇంట్లో రోజూ జరిగే గొడవ ఇదే. మావాడు బడిలో మాటలకి చప్పట్లు కొట్టడం నేర్చుకున్నాడు, సిలబుల్‌కి ఒక చప్పట. ఇప్పుడు స్పెల్లింగ్ మొదలయ్యాక వాడు చెప్పేది, కాగితం మీద గీత పెట్టేది కలవట్లేదు. బాంబులు అనే మాటని వాడు 'బొ-మ్మెన్' అంటున్నాడు, నేను చూసిన డిక్షనరీలో 'బొమ్-మెన్' అని ఉంది. టీచర్ వాడిదే రైట్ అన్నారు. మరి డిక్షనరీ?

కాలువగట్టు (లైడెన్)

ఇద్దరూ రైటేనమ్మా. అక్కడ రెండు వేరు వేరు లెక్కలు నడుస్తున్నాయి. వాడు చేసేది 'క్లాంక్‌ఖ్రుప్', శబ్దాల గుంపు. డిక్షనరీది 'లెట్టర్‌ఖ్రేప్', వరస చివర గీత పెట్టి విరవడానికి.

గుంపు చివర పొట్టి అచ్చు వినిపిస్తే తరవాతి హల్లుని రెండుసార్లు రాయాలని పిల్లలకు నేర్పుతారు. 'బొ' పొట్టి, కాబట్టి 'మ్' రెండు. చెట్లు అనే మాటలో 'బో-మెన్', 'బో' దీర్ఘం, కాబట్టి ఒక్కటే 'మ్', పైగా 'ఓ' అక్షరం కూడా ఒక్కటే రాస్తే సరిపోతుంది. వాడికి అది రాయడానికి ఆయుధం. మీకు డిక్షనరీ చూపించేది అచ్చు వేసేవాడికి ఆయుధం. వాడిని దిద్దకండి, ఏడాదిలో వాడే మిమ్మల్ని దిద్దుతాడు.

అన్వేష్ కోడ్ (ఉట్రెఖ్ట్)

అచ్చు వేసేవాడు అన్నారు కాబట్టి నేను దూరుతున్నా. మేం చేసే యాప్‌లో డచ్ బటన్లన్నీ స్క్రీన్ దాటి బయటికి పోతుంటాయి. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలయ్యేది ఇక్కడ ఒక్కటే పొడుగు మాట, ఖాళీ ఉండదు కాబట్టి బ్రౌజర్‌కి విరిచే చోటు దొరకదు.

ఆటోమేటిక్‌గా విరిచే పద్ధతికి మూలం ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో రాసిన థీసిస్, టెక్ అనే అచ్చు కూర్పు ప్రోగ్రామ్ కోసం చేసింది. అక్షరాల చిన్న చిన్న నమూనాల మధ్య అంకెలు ఉంటాయి. బేసి అంకె గెలిస్తే విరవచ్చు, సరి అంకె గెలిస్తే విరవకూడదు. డచ్‌కీ అలాంటి నమూనాల పట్టిక ఉంది, మామూలు మాటలకు బాగా పనిచేస్తుంది. కానీ దానికి అర్థం తెలియదు. డైక్‌రాంప్ అని రాసి ఉంటే గట్టు తెగిందా, తొడ పట్టేసిందా దానికెలా తెలుస్తుంది?

తమాషా ఏంటంటే పైన చెప్పిన బామ్మ-టమాటా విరుపులో కూడా తేడా ఉంది. టమాటా అయితే కెర్స్-టొ-మాట్-యె. బామ్మ అయితే కెర్స్ట్-ఓమా-ట్యె. పైగా ఆ చివరి గీత దగ్గర విరిస్తే డచ్ రాతలో బామ్మలోని రెండు 'ఆ' అక్షరాల్లో (aa) ఒకటి ఎగిరిపోవాలి, ఎందుకంటే ఆ రెండోది కేవలం '-ట్యె' చేరినప్పుడు దీర్ఘం నిలబెట్టడానికి వచ్చింది. గీత పెట్టడమే కాదు, అక్షరం కూడా తీసేయాలి! ఇంకో నియమం: ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలకూడదు. అందుకే 'ఓ-మా' అని విరవరు. ఇందాకటి ఆవొన్డ్-ఏటెన్ నోట్లో నాలుగు సిలబుల్స్, కాగితం మీద మాత్రం విరవగలిగేది ఒక్క చోటే, అతుకు దగ్గర.

మేం చివరికి ముఖ్యమైన మాటలన్నిటికీ చేత్తోనే కనపడని గీతలు పెట్టాం. తాల్‌యూనీ (డచ్ భాష వ్యవహారాలు చూసే సంస్థ) వాళ్ళ ఆన్‌లైన్ పదజాబితాలో ప్రతి మాటకీ విరుపులు చూపిస్తారు, అది దగ్గర పెట్టుకుని.

ధ్వని (నైమేఖెన్)

పరిశోధనకైతే మా ఊళ్ళోనే తయారైన సెలెక్స్ అనే పదాల డేటాబేస్ ఉంది. అందులో డచ్ మూలపదాలే 1,24,136. ప్రతి మాటకీ సిలబుల్ గీతలు, నొక్కు గుర్తు, సమాసమైతే ఏ ముక్కలు కలిసి అయిందో అన్నీ ఉంటాయి. పరీక్షకు మాత్రం అక్కర్లేదు, నీరజ గారు కంగారు పడకండి.

సైకిల్ సాయి (డెన్ హాఖ్)

ఇదంత రాసుడు, ఇరుసుడు ముచ్చటే అయితుంది. నాకో డౌటు. ఆమ్‌స్టర్‌డామ్‌ల [కాల్]వెర్‌స్ట్రాట్ అంటరు, సూత్రం ప్రకారమే. మరి లైడ్సె[ప్లైన్] ఎందుకంటరు? ప్రిన్సెన్[ఖ్రాఖ్ట్], కైజెర్స్[ఖ్రాఖ్ట్], వొండెల్[పార్క్], అన్నిట్ల నొక్కు ఎనకకు పోయింది. ట్రామ్‌ల స్టాపుల పేర్లు ఇనుకుంట కూసుంటే సూత్రం గాలికి పోయినట్టే ఉంటది.

కాలువగట్టు (లైడెన్)

భలే పట్టావు సాయీ. చూశావా, ఏం వినాలో తెలిశాక చెవి ఎలా పనిచేస్తోందో!

పేర్లకు వేరే చట్టం. 'స్ట్రాట్' చివర ఉంటే నొక్కు ముందు భాగం మీద. 'ప్లైన్' (కూడలి), 'ఖ్రాఖ్ట్' (కాలువ), 'పార్క్' అయితే వాటి మీదే. ఊళ్ళ పేర్లూ అంతే: ఆమ్‌స్టెర్[డామ్], రొట్టెర్[డామ్], వోలెన్[డామ్], ఆమ్‌స్టెల్[వేన్]. కానీ [ఐండ్]హోవెన్. 'డామ్' అంటే నదికి కట్టిన ఆనకట్టే, ఆమ్‌స్టెల్ నది మీద ఒకటి, రొట్టె నది మీద ఒకటి. వాడుకలో ముక్కలు అరిగిపోయి ఒకే మాటగా గడ్డకట్టినా నొక్కు మాత్రం ఆనకట్ట మీదే నిలిచింది.

నీరజ (ఐండ్‌హోవెన్)

చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ థాంక్స్. అయితే క్రియల సంగతేంటి? మా క్లాసులో 'వోర్‌కోమెన్' అనే మాట రెండుసార్లు రెండు అర్థాలతో వచ్చింది. అదీ సమాసమేనా?

ధ్వని (నైమేఖెన్)

సమాసమా, ఉపసర్గా అని వ్యాకర్తలు వాదించుకుంటూనే ఉంటారు, మనకు ఫలితం చాలు. నొక్కు ముందు ముక్క మీద ఉంటే ఆ క్రియ విడిపోతుంది. నొక్కు వెనక్కి పోతే విడిపోదు.

[వోర్]కోమెన్ అంటే జరగడం, కనిపించడం. వాక్యంలో 'కోమ్ట్' ఒకచోట, 'వోర్' వాక్యం చివర. పాస్ట్ పార్టిసిపుల్ రూపంలో మధ్యలో 'ఖె' దూరుతుంది: [వోర్]ఖెకోమెన్. వోర్[కో]మెన్ అంటే నివారించడం. ఎప్పుడూ ఒకే ముక్క, 'ఖె' దూరదు. రాతలో తికమక వస్తుందనుకుంటే నొక్కు పడే అచ్చుల మీద చిన్న ఏటవాలు గీతలు పెడతారు, అది డచ్‌లో పూర్తిగా చెల్లుతుంది.

నాకిష్టమైన జంట [ఓ]వెర్‌డ్రైవెన్, ఓవెర్[డ్రై]వెన్. మొదటిది మబ్బు మన మీదుగా తేలిపోవడం. ఈ దేశంలో రోజూ పనికొచ్చే మాట: జల్లు 'డ్రైఫ్ట్ ఓవెర్', పోతుంది, కాసేపు ఆగు. రెండోది గోరంతలు కొండంతలు చేయడం. అలాగే సూర్యుడు [ఒన్]డెర్‌ఖాన్, అస్తమిస్తాడు. రోగి ఆపరేషన్ ఒండెర్[ఖాన్], చేయించుకుంటాడు.

కాలువగట్టు (లైడెన్)

విశేషణాల దగ్గర ఇంకో గమ్మత్తుంది, వదిలేస్తే పరీక్షలో దొరికిపోతారు. [టు]వాల్ అంటే అనుకోకుండా జరిగింది. దానికి '-ఇఖ్' తగిలిస్తే టు[వాల్]లెఖ్. [ఆన్]డాఖ్ట్ (శ్రద్ధ) నుంచి ఆన్[డాఖ్]టెఖ్. [ఓ]ఖెన్‌బ్లిక్ (క్షణం) నుంచి ఓఖెన్[బ్లిక్]కెలెక్. '-ఇఖ్', '-లెక్' లాంటివి నొక్కుని తమ పక్కకు లాక్కుంటాయి. నామవాచకం నేర్చుకున్న నొక్కుతోనే విశేషణాన్ని కూడా లాగించేస్తే వాళ్ళకి మాట అందదు.

బుజ్జిగాడి అమ్మ (ఆమ్‌స్టెల్‌వేన్)

మరి పానెన్‌కుక్ (పాన్‌కేక్) మధ్యలో 'న్' పలకాలా వద్దా? మావాడు 'పానెకుక్' అంటాడు. రాసేటప్పుడు మాత్రం 'న్' పెడతాడు.

అన్వేష్ కోడ్ (ఉట్రెఖ్ట్)

వాడే కరెక్టు. 1995 స్పెల్లింగ్ సంస్కరణ దాకా రాతలోనూ ఆ 'న్' లేదు. బహువచనం 'పానెన్' కాబట్టి అతుకులో కూడా 'న్' రాయాలని అప్పుడు నిర్ణయించారు. నోరు మారలేదు. అదే సంస్కరణలో సముద్రపు బాతు 'జే-ఏండ్'కి మధ్యలో గీత వచ్చింది. అంతకుముందు ఒకే ఊపులో రాసి అచ్చు మీద రెండు చుక్కలు పెట్టేవారట. గీత రావడం కళ్ళకు చాలా మేలు చేసిందంటాను.

అతుకులో వచ్చే 'స్', 'ఎన్' ఎప్పుడూ ఎడమవైపు ముక్కవే, విరిచేటప్పుడు అటే ఉండాలి.

నీరజ (ఐండ్‌హోవెన్)

ఆ ఆఖరి మాటతో ఉత్తరంలోని గూడ్సుబండిని విడదీయగలిగాను. మావారు సొంతంగా కాంట్రాక్టు పని మొదలుపెట్టారు, ఆ బీమా కాగితం ఇది: ఆర్‌బైడ్స్‌ఒన్‌ఖెస్ఖిక్ట్‌హైడ్స్‌వెర్జేకెరింగ్.

'స్' ఉన్న చోట్ల చూసుకుంటూ వెళ్ళాను. ఆర్‌బైడ్స్ (పని) / ఒన్‌ఖెస్ఖిక్ట్‌హైడ్స్ (చేయలేకపోవడం) / వెర్జేకెరింగ్ (బీమా). పెద్ద నొక్కు [ఆర్] మీద, రెండో నొక్కులు 'ఒన్' మీద, 'జే' మీద. 'ఖె', 'వెర్' మూగవి. సరేనా?

మరికొన్ని కూడా రాసుకున్నాను, చూసి చెప్పండి: వెర్[యార్]డాఖ్స్‌ఫేస్ట్ (పుట్టినరోజు వేడుక), కొమ్[ప్యూ]టెర్‌ప్రోఖ్రామా, యూనివెర్సి[టైట్స్]ఖెబౌ, [జా]టెర్‌డాఖ్‌ఆవొన్డ్ (శనివారం సాయంత్రం).

ధ్వని (నైమేఖెన్)

బీమా మాట సరిగ్గా విడదీశారు. పది సిలబుల్స్: ఆర్-బైడ్స్-ఒన్-ఖె-స్ఖిక్ట్-హైడ్స్-వెర్-జే-కె-రింగ్. 'ఒన్' ముందు 'స్'ని 'సొన్' అని లాగకండి, ఆర్‌బైట్స్ అని ముగించి 'ఒన్' కొత్తగా ఎత్తుకోండి. ఊపిరి కావాలంటే 'హైట్స్' తరవాత, అదే పెద్ద అతుకు. ముందు రెండూ కలిసి ఒక మాట, దానికి 'బీమా' తగిలింది.

మిగతా మూడూ బాగున్నాయి. చివరిది మాత్రం మార్చుకోండి. వారం పేరుకి పూట పేరు తగిలితే నొక్కు పూట మీద పడుతుంది: జాటెర్‌డాఖ్[ఆ]వొంట్, మాన్‌డాఖ్[మొర్]ఖెన్.

సైకిల్ సాయి (డెన్ హాఖ్)

ఫుట్‌బాల్ కమెంటరీల 'జాటెర్‌డాఖ్[ఆ]వొంట్' అని రోజూ ఇనవడుతది అక్కా, ఓపాలి ఇను. చివర 'డ్' అననే అనరు, 'ట్' అనే.